ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు కంప్యూటర్ల ఎంపిక: భద్రత, నిర్వహణయోగ్యత

వ్యాససంగ్రహం:
కార్యాలయానికి వెలుపల, ప్రధానంగా ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు సంస్థలు ఇచ్చే కంప్యూటర్లను ఏ ప్రమాణాలతో ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. వేగం, ధర అనే రెండు కొలమానాలతో సాగే కొనుగోలు పద్ధతి ఇందుకు చాలదు. యంత్రం పోయినప్పుడు, మొరాయించినప్పుడు, ఉద్యోగి సంస్థను వీడినప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్నల నుంచే ఎంపిక మొదలుకావాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఇందుకు ఆధారంగా 2006, 2022, 2024 సంవత్సరాలలో జరిగిన మూడు ఘటనలను పరిశీలించడమైంది.

కీలకపదాలు: ఇంటి నుంచి పని, ల్యాప్‌టాప్, ఎన్‌క్రిప్షన్, టీపీఎం, దూరనిర్వహణ, అప్‌డేట్, వ్యక్తిగత సమాచారం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

2020 మార్చి 25న దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి అనేక సాఫ్ట్‌వేర్, కాల్‌సెంటర్ సంస్థలలో ఉద్యోగులు డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీదే పనిచేస్తున్నారు. హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో ఆ యంత్రాలను వాహనాలకెక్కించి ఉద్యోగుల ఇళ్లకు చేర్చవలసివచ్చింది. అంతకుముందు కాల్‌సెంటర్ తరహా సంస్థల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికం శాఖ విధించిన షరతులు అడ్డుగా ఉండేవి. ఆ శాఖ 2020 మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించి, అదే ఏడాది నవంబరులో కొత్త మార్గదర్శకాలతో చాలావరకు తొలగించింది. ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని సంస్థలకు 2022 జులైలో ఇంటి నుంచి పనిని అనుమతించే నియమం వచ్చింది. అత్యవసర ఏర్పాటుగా మొదలైన పద్ధతి ఇలా చట్టబద్ధమైన వ్యవస్థగా స్థిరపడింది.

అయితే అనుమతి దొరికినంత వేగంగా కొనుగోలు అలవాట్లు మారలేదు. కంప్యూటరు కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, ధర ఎంత అని అడగడమే నేటికీ సాధారణం. ఒకే భవనంలో వంద కంప్యూటర్లున్నప్పుడు ఆ ప్రశ్నలు కొంతవరకు సరిపోయేవి. ఎందుకంటే మిగిలిన పని భవనమే చేసేది. గేటు దగ్గర కాపలా, రాత్రి తాళం, నెట్‌వర్క్ ముఖద్వారంలో ఫైర్‌వాల్, పిలిస్తే పలికే సాంకేతిక సిబ్బంది, కరెంటు పోతే జనరేటరు - ఇవన్నీ కంప్యూటరు ధరలో కనిపించని భద్రతలు. అదే కంప్యూటరు నరసన్నపేటలోనో నారాయణఖేడ్‌లోనో ఒక ఇంటి వసారాలోకి చేరగానే ఇవన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. గోడ చేసే పని ఇక యంత్రమే చేయాలి. ఇంటి నుంచి పనికి తగిన కంప్యూటరును మామూలు కంప్యూటరు నుంచి వేరుచేసే గీత ఇదే.

2. సొంత కంప్యూటరు - సంస్థ కంప్యూటరు:

ఖర్చు తగ్గించుకోవడానికి ఉద్యోగుల సొంత కంప్యూటర్లతోనే పని నడిపించే సంస్థలున్నాయి. కళాశాలలలో ఇది మరీ ఎక్కువ. విద్యార్థుల మార్కులు, కుల ధ్రువీకరణ వివరాలు, ఉపకారవేతనాల బ్యాంకు ఖాతా సంఖ్యలు అధ్యాపకుల ఇంటి కంప్యూటర్లలో, పెన్‌డ్రైవ్‌లలో ఉండడం ఎవరికీ వింతగా తోచదు. పిల్లలు ఆటలాడుకొనే కంప్యూటరులోనే ఆ పట్టికలూ ఉంటాయి.

ఈ పద్ధతిలోని ప్రమాదానికి 2022లో లాస్ట్‌పాస్ సంస్థకు ఎదురైన అనుభవం ఉదాహరణ. ఇతరుల పాస్‌వర్డ్‌లను భద్రపరచడమే ఆ సంస్థ వ్యాపారం. కీలకమైన నిల్వలను తెరిచే తాళాలు అందులో నలుగురు ఇంజినీర్లకు మాత్రమే అందుబాటులో ఉండేవి. దాడిచేసినవారు సంస్థ గోడలను బద్దలుకొట్టే ప్రయత్నం చేయలేదు. ఆ నలుగురిలో ఒకరి ఇంటి కంప్యూటరును ఎంచుకొన్నారు. అందులో పాటలు, సినిమాల నిర్వహణకు పెట్టుకొన్న ఒక సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా చొరబడి, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ నమోదుచేసే ప్రోగ్రామును అమర్చారు. అలా ఆ ఇంజినీరు ప్రధాన పాస్‌వర్డ్ వారి చేతికి చిక్కింది. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ 2020లోనే విడుదలైంది. ఆ కంప్యూటరులో మాత్రం చేరలేదు.

ఇక్కడ ఆ ఉద్యోగిని నిందించి ఊరుకోవడం తేలిక. కాని ఇంటి కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, ఏది పాతబడిందో సంస్థకు తెలిసే మార్గమే లేదన్నది అసలు విషయం. తెలియనిదాన్ని కాపాడడం కుదరదు. కాబట్టి ఎంత చిన్న సంస్థ అయినా, వ్యక్తిగత సమాచారంతో వ్యవహరించే ఉద్యోగికి కంప్యూటరును తానే సమకూర్చాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారానికి తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలుకల్పించింది. దీనితో పోలిస్తే ఒక ల్యాప్‌టాప్ ధర లెక్కలోనిది కాదు.

3. యంత్రం పోయినప్పుడు:

2006 మే నెలలో అమెరికాలోని మాజీ సైనికుల సంక్షేమశాఖ ఉద్యోగి ఒకరి ఇంట్లో దొంగలు పడి ల్యాప్‌టాప్‌ను, దానికి తగిలించుకొనే హార్డ్‌డిస్కును ఎత్తుకుపోయారు. వాటిలో సుమారు 2.65 కోట్ల మంది పేర్లు, పుట్టినతేదీలు, సామాజిక భద్రతా సంఖ్యలు ఉన్నాయి. ఆ సమాచారానికి ఎన్‌క్రిప్షన్ లేదు. సుమారు రెండు నెలల తరువాత యంత్రం దొరికింది. సమాచారాన్ని ఎవరూ తెరిచిన ఆనవాళ్లు లేవని దర్యాప్తుసంస్థ చెప్పింది. అయినా ఆ శాఖ 2009లో 2 కోట్ల డాలర్ల పరిహారానికి అంగీకరించవలసివచ్చింది. దొంగలకు కావలసింది బహుశా ల్యాప్‌టాప్ మాత్రమే. దాని లోపల ఏముందో వారికి తెలిసి ఉండకపోవచ్చు. పరిహారం మాత్రం లోపలున్నదానికే చెల్లించారు.

డిస్కులోని సమాచారాన్ని తాళంచెవి లేనివారికి అర్థంకాని రూపంలోకి మార్చి ఉంచడమే ఎన్‌క్రిప్షన్. కంప్యూటరు తెరిచేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఎన్‌క్రిప్షన్ లేని కంప్యూటరు నుంచి డిస్కును విప్పి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్‌తో నిమిత్తం లేకుండానే అన్నీ కనిపిస్తాయి. తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచడం వంటిదే ఇది.

తాళంచెవిని ఎక్కడ దాచాలన్న ప్రశ్నకు టీపీఎం అనే భద్రతా చిప్ సమాధానం. ఎన్‌క్రిప్షన్ చెవిని అది తన రక్షణలో ఉంచుతుంది. కంప్యూటరు మొదలయ్యే క్రమంలో ఎవరూ జోక్యం చేసుకోలేదని తేలితేనే దానిని విడుదల చేస్తుంది. విండోస్ 11 నడవాలంటే ఈ చిప్ రెండవ తరంది, అంటే టీపీఎం 2.0, ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. ఆపిల్ కంప్యూటర్లలో ఇదే పనిని 2017 చివరి నుంచి టీ2 చిప్, 2020 నుంచి వచ్చిన ఎం శ్రేణి ప్రాసెసర్లలోని అంతర్గత విభాగం చేస్తున్నాయి.

కొనుగోలు సమయంలో తరచు జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. విండోస్‌లో హోమ్, ప్రో అని రెండు రకాలున్నాయి. తెరమీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. దుకాణంలో చవకగా దొరికే ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా హోమ్ రకమే ఉంటుంది. అందులో ప్రాథమికమైన ఎన్‌క్రిప్షన్ ఉండవచ్చుగాని, దానిని సంస్థ తరఫున నియంత్రించే పూర్తిస్థాయి బిట్‌లాకర్ సౌకర్యం, సంస్థ నియమావళిని అన్ని యంత్రాలకూ ఒకేసారి వర్తింపజేసే వెసులుబాటు ప్రో రకంలోనే ఉంటాయి. వంద హోమ్ కంప్యూటర్లు కొని, తరువాత ఒక్కొక్కదానికీ డబ్బు కట్టి ప్రోగా మార్చుకొనే సంస్థకు మొదట మిగిలిందనుకొన్నది మిగలదు.

బిట్‌లాకర్‌కు 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య ఒకటుంటుంది. టీపీఎంకు అనుమానం వచ్చినప్పుడు, మదర్‌బోర్డు మార్చినప్పుడు కంప్యూటరు ఈ సంఖ్యను అడుగుతుంది. అది ఉద్యోగి వ్యక్తిగత ఖాతాలో గాక సంస్థ ఖాతాలో దానంతటదే నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. లేకుంటే దొంగ నుంచి కాపాడిన ఎన్‌క్రిప్షనే యజమానినీ బయట నిలబెడుతుంది.

4. యంత్రం మొరాయించినప్పుడు:

ఇంటి నుంచి పనికి భద్రత ఎంత అవసరమో, నిర్వహణయోగ్యత అంతకు తక్కువేమీ కాదు. దూరాన ఉన్న కంప్యూటరును చేతితో తాకకుండానే సిద్ధంచేయడం, సరిచేయడం, అవసరమైతే తుడిచివేయడం అనే మూడు పనులూ ఈ మాటలో ఇమిడి ఉన్నాయి.

సిద్ధంచేయడంలో పాతపద్ధతి అందరికీ తెలిసిందే. కొత్త కంప్యూటర్లు ముందుగా కార్యాలయానికి వస్తాయి. సిబ్బంది ఒక్కొక్కదానినీ తెరిచి సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపుతారు. ఇప్పుడు ఆ అవసరం తగ్గింది. అమ్మకందారు యంత్రం గుర్తింపు వివరాలను ముందే సంస్థ పేరిట నమోదుచేస్తాడు. పెట్టె నేరుగా ఉద్యోగి ఇంటికి చేరుతుంది. ఉద్యోగి దానిని ఇంటర్నెట్‌కు కలిపి తన కార్యాలయ ఖాతాతో ప్రవేశించగానే నియమాలు, సాఫ్ట్‌వేర్లు, ఎన్‌క్రిప్షన్ వాటంతటవే అమరుతాయి. మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్, ఆపిల్ బిజినెస్ మేనేజర్ ఈ కోవలోనివి. దొంగిలించిన వ్యక్తి విండోస్‌ను తిరిగి ఎక్కించినా, ఇంటర్నెట్‌కు కలిసిన వెంటనే యంత్రం మళ్లీ ఆ సంస్థ పేరే చూపడం దీనిలోని అదనపు ప్రయోజనం. అయితే ఈ నమోదు చేయగల అమ్మకందారు దగ్గర కొనాలి. అందువల్ల ఎక్కడ కొంటున్నామన్నది ధరకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

సరిచేయడం ఎంత కష్టమో 2024 జులై 19న ప్రపంచం చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపి ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికునికి చేతితో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ చిత్రం సామాజిక మాధ్యమాలలో విస్తృతంగా తిరిగింది. క్రౌడ్‌స్ట్రయిక్ ఆ అప్‌డేట్‌ను గంటన్నర లోపే వెనక్కి తీసుకొంది. కాని అప్పటికే ఆగిపోయిన కంప్యూటరుకు ఆ సంగతి తెలిసే వీలు లేదు, ఎందుకంటే అది ఇంటర్నెట్ దాకా వెళ్లలేకపోతున్నది. పరిష్కారం చెప్పుకోవడానికి చిన్నదే: సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైలును తొలగించాలి. కార్యాలయంలోనైతే సాంకేతికుడు బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ఆ పని చేయగలడు. ఇంట్లో ఉన్న ఉద్యోగికి ఫోనులో చెప్పి చేయించాలి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెలనూ ఫోనులోనే చదివి వినిపించాలి. ఒక అంకె తప్పితే ఆ భాగాన్ని మళ్లీ కొట్టాలి.

విండోస్ పూర్తిగా ఆగిపోయినా కంప్యూటరును దూరం నుంచి చేరుకొనే మార్గం కొన్ని వ్యాపార శ్రేణి యంత్రాలలో ఉంది. ఇంటెల్ వీప్రో సాంకేతికతలో భాగమైన ఏఎంటీ, ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా హార్డ్‌వేర్ స్థాయిలోనే పనిచేస్తుంది. సాంకేతికుడు తన చోటు నుంచే ఆ కంప్యూటరు తెరను చూడగలడు, దానిని ఆపి మళ్లీ మొదలుపెట్టగలడు. ఏఎండీ ప్రో శ్రేణిలోనూ ఈ తరహా ఏర్పాటు ఉంది. అయితే యంత్రం మీద ముద్ర ఉన్నంతమాత్రాన ఇది పనిచేయదు. ఉద్యోగి ఇంటి వైఫై ద్వారా చేరుకోవాలంటే ఆ అమరిక ముందే చేసి ఉంచాలి. కొని, అమర్చకుండా వదిలేసిన సౌకర్యం ఖర్చే తప్ప రక్షణ కాదు. పైగా అదే ముప్పుగానూ మారవచ్చు. 2017 మేలో ఏఎంటీలో ఒక తీవ్రమైన లోపం బయటపడింది: పాస్‌వర్డ్ స్థానంలో ఏమీ లేని ఖాళీ సమాధానం పంపినా తలుపు తెరుచుకొనేది. యజమాని దూరం నుంచి ప్రవేశించడానికి పెట్టుకొన్న ద్వారం ఇతరులకూ ద్వారమేనన్న ఎరుక ఉన్నవారే దీనిని ఎంచుకోవాలి. ఇరవై కంప్యూటర్లకు మించని సంస్థకు, ప్రత్యేకంగా సాంకేతిక సిబ్బంది లేని కళాశాలకు ఈ అదనపు ధర పెట్టడం అనవసరం. వారు అదే డబ్బుతో సిద్ధంచేసి ఉంచిన రెండు అదనపు ల్యాప్‌టాప్‌లు కొనిపెట్టుకొంటే మేలు. మొరాయించిన యంత్రానికి బదులు మరొకటి కొరియరులో వెళ్తుంది.

మరమ్మతు సంగతి కూడా ఇందులోదే. వ్యాపార శ్రేణి ల్యాప్‌టాప్‌లకు ఇంటికే వచ్చి మరునాటి పనిదినంలో సరిచేసే వారంటీ దొరుకుతుంది. ఆ హామీ ఉద్యోగి ఉండే పిన్‌కోడుకు వర్తిస్తుందా అని కొనేముందే అడగాలి. బిల్లు మీద ఉండే గచ్చిబౌలి చిరునామాకు దొరికే సేవ, ఉద్యోగి నివసించే పాడేరుకు దొరక్కపోవచ్చు.

5. యంత్రం ఆయుర్దాయం:

కంప్యూటరు ఆయువు హార్డ్‌వేర్ చెడిపోయేవరకూ కాదు, అప్‌డేట్లు ఆగిపోయేవరకే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదవ తరం, ఆపై తరాలవి కావాలి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలో దొరికే పునర్వినియోగ ల్యాప్‌టాప్‌లు కొనడం తప్పేమీ కాదు. పాత వ్యాపార శ్రేణి యంత్రం కొత్త చవక యంత్రం కంటే గట్టిగా ఉండవచ్చు కూడా. కాని 'ఐ5' అన్న పేరు చూసి ఆగకుండా అది ఎన్నవ తరమో అడగాలి. ఆరవ తరం ఐ5, పన్నెండవ తరం ఐ5 పేరులో మాత్రమే ఒకటి. క్రోమ్‌బుక్‌ల విషయంలో 2021 నుంచి వచ్చిన నమూనాలకు పదేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ పదేళ్లను లెక్కించేది నమూనా విడుదలైన నాటి నుంచి. కొన్న రోజు నుంచి కాదు.

6. తెలుగు టైపింగ్ - నిర్వాహక అధికారం:

సురక్షితమైన కార్యాలయ కంప్యూటరులో ఉద్యోగికి నిర్వాహక అధికారం ఉండకూడదన్నది స్థిరపడిన నియమం. అంటే కొత్త సాఫ్ట్‌వేర్‌ను తనంత తాను ఎక్కించుకొనే హక్కు ఉద్యోగికి ఉండదు. పొరపాటున తెరిచిన ఫైలు ద్వారా వచ్చే హానిని ఇది చాలావరకు అడ్డుకొంటుంది. తెలుగులో పనిచేసే అనువాదకులు, పత్రికల ఉపసంపాదకులు, డీటీపీ ఆపరేటర్ల విషయంలో మాత్రం ఈ నియమం తరచు సడలిపోతున్నది. కారణం అను వంటి యూనికోడేతర ఫాంట్లు, వాటికి ప్రత్యేకంగా కావలసిన కీబోర్డు సాఫ్ట్‌వేర్లు. వీటిలో పాత కూర్పులను ఎక్కించడానికి నిర్వాహక అధికారం అడుగుతారు. 'టైపింగ్ కోసమే కదా' అని ఇచ్చేస్తారు. అది తిరిగి వెనక్కి రాదు. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వెలువడింది 2001లో. భద్రతా అప్‌డేట్లు ఏనాడో ఆగిపోయిన అటువంటి సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటరు మొత్తం తాళాలు తెరిచిపెట్టడం సమర్థనీయం కాదు.

విండోస్‌లో, మ్యాక్‌లో యూనికోడ్ తెలుగు కీబోర్డులు అంతర్నిర్మితంగానే ఉన్నాయి. వాటిని ఎంచుకోవడానికి బయటినుంచి ఏదీ తెచ్చుకోనక్కరలేదు. యూనికోడ్‌కు మారడాన్ని ఇంతవరకు భాషాభివృద్ధి కోణంలోనే చర్చిస్తున్నారు. అది భద్రతకు సంబంధించిన విషయం కూడానని ఇక్కడ గుర్తించవలసి ఉంది. పాత ఫాంట్లు తప్పనిసరైన చోట వాటికోసం వేరే కంప్యూటరును కేటాయించి, ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి.

7. నిర్వహణ - నిఘా:

దూరం నుంచి నిర్వహించే సాధనానికీ ఉద్యోగిపై నిఘా వేసే సాధనానికీ మధ్య గీత సన్ననిది. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉందా, అప్‌డేట్లు అందాయా అని చూడడం నిర్వహణ. నిమిషానికోసారి తెరచిత్రం తీయడం, కీబోర్డు దెబ్బలు లెక్కించడం, కెమెరా తెరవడం నిఘా. ఇల్లు కార్యాలయమైనప్పుడు ఆ కెమెరా ముందు నుంచి వెళ్లేవారు ఉద్యోగి ఒక్కరే కాదు. అత్తగారు, పిల్లలు, పనిమనిషి కూడా. కెమెరాకు జరిపే మూత ఉన్న ల్యాప్‌టాప్‌ను ఎంచుకోవడం అందుకే చిన్న విషయం కాదు.

2023 చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అంటే తెలుగులోనూ, చదువుకొనే అవకాశం కల్పించాలి. కాని అదే చట్టం ఉద్యోగ సంబంధమైన అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడే పనులకు సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకొనే వీలును ఇచ్చింది. ఉద్యోగికి చట్టం ఇవ్వని ఈ స్పష్టతను సంస్థ తనంతట తానే ఇవ్వాలి. కంప్యూటరు అప్పగించే రోజున, అది ఏయే వివరాలను సంస్థకు పంపుతుందో ఒక పుట తెలుగులో రాసి ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నిఘా ఉందని అనుమానించే ఉద్యోగి అసలు పనిని తన సొంత ఫోనులోకి, సొంత కంప్యూటరులోకి మార్చుకొంటాడు. అప్పుడు సంస్థ కాపాడుతున్నది ఖాళీ ల్యాప్‌టాప్‌నే.

8. యంత్రం తిరిగివచ్చినప్పుడు:

ఉద్యోగి రాజీనామా చేసిన రోజు నుంచి కంప్యూటరు తిరిగివచ్చే రోజుదాకా ఉండే వ్యవధిని చాలా సంస్థలు పట్టించుకోవు. ఆ రోజే ఖాతాను నిలిపివేసి, దూరం నుంచే యంత్రానికి తాళంవేసే ఏర్పాటు ఉండాలి. మ్యాక్ కంప్యూటర్లలో ఉద్యోగి తన వ్యక్తిగత ఆపిల్ ఖాతాతో ప్రవేశించి ఉంటే, ఆ ఖాతా పాస్‌వర్డ్ లేనిదే యంత్రం మరొకరికి పనికిరాకుండా పోవచ్చు. ముందే సంస్థ పేరిట నమోదైన మ్యాక్‌లో ఆ తాళాన్ని సంస్థ తొలగించగలదు.

పాత హార్డ్‌డిస్కుల కాలంలో సమాచారాన్ని చెరపడానికి దానిమీద పదేపదే వేరే సమాచారం రాసేవారు. నేటి ఎస్‌ఎస్‌డీలలో ఆ పద్ధతిని నమ్మలేము. రాతను డిస్కు తనంత తాను వేర్వేరు చోట్లకు పంచుతుంది కనుక పాతది ఎక్కడో మిగిలిపోవచ్చు. మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్కులోనైతే దాని తాళంచెవిని నాశనం చేస్తే చాలు, మిగిలినదంతా అర్థంలేని అంకెలే. కొన్న రోజున తీసుకొన్న నిర్ణయమే పారవేసే రోజున కూడా పనికివస్తుంది. ఇక వాడకానికి రాని యంత్రాలను 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం నమోదిత పునర్వినియోగ సంస్థలకే అప్పగించాలి. ఇంకా పనికివచ్చేవాటిని అమ్మేముందు ఆటోపైలట్ వంటి నమోదుల నుంచి వాటి పేరు తొలగించడం మరచిపోరాదు. తొలగించకపోతే కొన్నవారు ఇంట్లో కంప్యూటరు తెరిచి ఇంటర్నెట్‌కు కలపగానే, తమకు సంబంధం లేని సంస్థ పేరు కనిపించి, ఆ సంస్థ ఖాతా వివరాలు అడుగుతుంది.